పాలియ్యని బర్రెకు మార్కెటింగ్

సూర్యాపేట దాటినంక హైవే పక్కనున్న ఆ ఎంబీఏ కాలేజీలో పాఠాలు ఎంతమంది వింటారో చెప్పలేం గానీ, గేటుకు ఎదురుగా సైదయ్య చాయ్ హోటల్లో మహేందర్ నోరు తెరిస్తే మాత్రం ఒక్కరూ లేచిపోరు. చాయ్ చల్లారిపోతుంది, ఊరి బస్సు వెళ్ళిపోతుంది, అయినా లేవరు. నమ్ముతారని కాదు. ఇంకా ఎక్కడిదాకా పోతాడో చూద్దామని.

ఆ సాయంత్రం అతను నోరు తెరవడానికి గట్టి కారణమే ఉంది. వచ్చే వారం హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్ళు కాలేజీకి వస్తున్నారు. నలుగురేసి పిల్లలు ఒక టీం. అందులో లీడర్ ఒక్కరే స్టేజీ ఎక్కి, తాము ఏ వస్తువును ఎట్లా అమ్మారో వాళ్ళకు చెప్పాలి. చెప్పింది నచ్చితే టీం మొత్తాన్నీ ట్రైనింగుకు తీసుకుంటారు, అక్కడ నిలబడ్డవాళ్ళకు ఉద్యోగం. లీడర్ ఎవరో కాలేజీ మూసేలోపల మార్కెటింగ్ పాఠం చెప్పే మంజుల మేడంకు చెప్పాలి. మహేందర్ టీం ఇంకా తేల్చుకోలేదు.

టీంలో మిగతా ముగ్గురికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ఎండాకాలం సెలవుల్లో రాణి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరి, కొత్త రకం బియ్యం శాంపిల్ సంచులు భుజాన వేసుకుని కిరాణా దుకాణాలన్నీ తిరిగింది. కోదాడ సురేందర్ వాళ్ళ బాబాయి బైకుల షోరూంలో నిలబడ్డాడు. మునగాల స్రవంతి వాళ్ళకు హైవే మీద దాబా ఉంది. దానికి వీడియోలు తీసి ఫోన్లలో తిప్పింది. మహేందర్ మాత్రం త్రిపురారంలో మేనమామ ఇంటికి పోయి బర్రెను మేపాడు. మేపడం అని కూడా అనలేం. బర్రె తన పాటికి తాను మేసింది, ఇతను కాలువ గట్టు మీద వెల్లకిలా పడుకుని ఫోన్ చూశాడు.

అయినా ఆ స్టేజీ ఎక్కాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది. జీవితంలో ఒక్కసారి మైకు పట్టుకుంటే చాలు, మిగతాది మైకే చూసుకుంటుందని అతని నమ్మకం.

"మీరు ఏమన్న అనుర్రి గానీ," అన్నాడు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, "మీరు ముగ్గురు అమ్మింది కూడా ఒక అమ్ముడేనా? బియ్యం ఎవడైనా కొంటడు, ఆకలైతది కాబట్టి. బండి ఎవడైనా కొంటడు, కాళ్ళు గుంజుతయ్ కాబట్టి. దాబా కాడ ఎవడైనా ఆగుతడు, ముందల ఇంకో దాబా ఉన్నదో లేదో తెల్వదు కాబట్టి. నేను అమ్మింది అడుగుర్రి. పాలియ్యని బర్రెను అమ్మిన."

సైదయ్య చాయ్ వడగడుతున్నవాడల్లా తలెత్తాడు. పక్క బెంచీ మీద ఐలయ్య కూర్చుని ఉన్నాడు. కాలేజీ పిల్లలను బస్టాండుకు చేరవేసే ఆటో అతనిది. బీడీ ముట్టించబోతూ ఆగిపోయాడు.

"పాలియ్యని బర్రెను ఎవడు కొంటడు పిలగా?" అన్నాడు ఐలయ్య.

"గదే కాకా మార్కెటింగ్ అంటే," అన్నాడు మహేందర్. అడగాల్సిన మనిషి అడగాల్సిన మాట అడిగాడు. ఇక గేర్ వెయ్యడమే.

"మా మామ మైసయ్య లేడూ, ఆయన బర్రె త్రిపురారం మొత్తంల ఫేమస్. ఎందుకంటవా? అది పుట్టిన కాడినుంచి ఒక్క చుక్క పాలియ్యలే. ఈనలే. తింటది, నెమరేస్తది, మనల్ని సూస్తది, గంతే. అంగడికి తోలుకపోతే దళారులు దూరంకెల్లే దాన్ని గుర్తుపట్టి ఛత్రీలు మొకానికి అడ్డం పెట్టుకునేటోళ్ళు. మామకు యాష్టకొచ్చింది. నన్ను పిలిచి, 'ఏం సదువుతున్నవ్ అల్లుడా?' అన్నడు. 'మార్కెటింగ్ మామా' అన్న. 'అంటే అంగడే గదా, అయితే దీన్ని అమ్ముకరాపో' అన్నడు. ఇగ సూస్కో, నా సదువుకే సవాల్."

ఇంతవరకు నిజమే. మామ అట్లాగే అన్నాడు. మహేందర్ బర్రెను మిర్యాలగూడ అంగడికి తోలుకుపోయిన మాటా నిజమే. పొద్దున తోలుకుపోయినవాడు సాయంత్రం మళ్ళీ అదే బర్రెను, అదే తలుగు తాడు పట్టుకుని, ఇంటికి తోలుకొచ్చాడు. మధ్యలో ఎవరూ దాన్ని కన్నెత్తి చూడలేదు. ఒక ముసలాయన వచ్చి నిలబడితే బేరానికేనేమో అని ఇతను లేచాడు. ఆయన బర్రె నీడలో చెప్పు సరిచేసుకుని వెళ్ళిపోయాడు. కానీ ఈ ముక్క చాయ్ హోటల్లో చెప్పుకునేది కాదు గదా.

"అంగడిల నిలబడి ఫస్టు ఏం చేసిన్నో తెలుసా?" అన్నాడు మహేందర్. "పేరు పెట్టిన. అప్పటిదాక దాన్ని 'ఓసే' అని పిలిచెటోళ్ళు. బ్రాండే లేదు. నేను 'నీలవేణి' అన్న. అన్నంతనే అది నడిచే తీరే మారింది. ఆ తర్వాత రీసెర్చ్. వచ్చినోడల్లా ఎక్కడ సూస్తుండని గమనించిన. పొదుగు సూస్తుండు. వెంటనే నా మెడల ఉన్న కండువా తీసి పొదుగు మీద కప్పిన. ఇగ ఎటు సూస్తడు? మొకం సూడాలె. మొకంల ఏమున్నది? జర యాద్ చేస్కోర్రి, నెమరేసే బర్రె మొకం. రేపేమైతదో అన్న పరేషాన్ ఉన్నదా? పక్కోడు ఎదిగిండన్న కడుపుమంట ఉన్నదా? ప్రశాంతం! అదే నా పాయింటు. అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతోని రాసిన: పాలు ఏ బర్రెన్న ఇస్తది, ప్రశాంతత నీలవేణే ఇస్తది."

"అబ్బో," అన్నాడు సైదయ్య.

"గప్పుడు వచ్చిండు ఒక కాంట్రాక్టర్. ఈ చెవికో ఫోను, ఆ చెవికో ఫోను. ఒకదాంట్ల సిమెంటోణ్ణి తిడుతుండు, ఇంకోదాంట్ల ఇంటామెతోని తిట్లు పడుతుండు. నీలవేణి ముందర నిలబడ్డడు. అది ఆయన దిక్కు ఒక్కసారి సూసింది. దవడ ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఈయన తల కూడా ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఫోన్లు జారి గడ్డిల పడ్డయ్. మనిషి కూసున్నడు. ఒరిగిండు. గురక! అంగడంత లొల్లిల గురక! లేసినంక నా చేతులు పట్టుకుని ఏమన్నడో తెలుసా? 'తమ్మీ, పెండ్లైన కాడినుంచి గిసుంటి నిద్ర పోలే' అన్నడు."

ఐలయ్య బీడీని మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "నిజంగ నిద్ర పట్టిందా?"

"కాకా, లేపనీకె ముగ్గురం వట్టినం."

"ఇంకేం, ఆయనకు అమ్మేశావ్, కథ అయిపోయింది," అన్నాడు సురేందర్. కోదాడ పిల్లాడు కాబట్టి అతని మాటలో కృష్ణా జిల్లా గాలి కాస్త కలుస్తుంటుంది. "మంచిదే. ఇక లీడర్ సంగతి తేలుద్దాం. నన్నడిగితే రాణి..."

రాణి చాయ్ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని కాలేజీ గేటు వైపు చూసింది, మూసే టైం అయిందేమోనని. ఆ చూపు మహేందర్‌కు గుచ్చుకుంది. బర్రెను ఒక్కసారి అమ్మితే రైస్ మిల్లు మీద గెలవలేమని అతనికి అర్థమైపోయింది.

"అమ్మినా?" అన్నాడు గొంతు పెంచి. "అమ్మిన అని ఎవడు జెప్పిండు? అమ్ముతే ఒక్కడే కస్టమర్. కిరాయికి ఇస్తే జిల్లా మొత్తం కస్టమర్లే! సేల్స్ వేరు, సర్వీస్ వేరు సురేందరూ, క్లాసుల నువ్వు ఏడ సూస్తున్నవో ఏమో. నీలవేణిని కొట్టంల కట్టేసి, ముందర నులక మంచాలు వేయించిన. వచ్చుడు, పండుడు, లేసి పోవుడు. ఫస్టు వారం మా త్రిపురారపోళ్ళే. తర్వాత మిర్యాలగూడ సేట్లు. తర్వాత కోర్టుల కొట్లాడుకునే అన్నదమ్ములు ఇద్దరు వచ్చి, పక్కపక్క మంచాల మీద పండి, లేసినంక పొలం గట్టు మీద ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని పోయిన్రు. వకీళ్ళు నా మీదికి లొల్లికొచ్చిన్రు, మా కేసులన్ని ఖతమైతున్నయ్ అని. ఏం జేసిన్నో తెలుసా? వకీళ్ళను కూడా పండబెట్టిన."

స్రవంతి ముక్కులోకి చాయ్ పోయి దగ్గింది. మహేందర్ అది మెచ్చుకోలు కింద లెక్కేసుకున్నాడు.

"డిమాండ్ పెరిగింది. ఇగ బ్రాంచి తెరవాలె. కోదాడల తెరిచిన."

"కోదాడలోనా?" అన్నాడు సురేందర్. "ఎండాకాలమంతా నేనక్కడే ఉన్నాను కదరా, నాకు కనపడలేదే?"

"నువ్వు షోరూం లోపట బండ్లు తుడుస్తున్నవ్, నీకేం కనపడతది. బస్సుల కిటికీ సీటు ఇప్పిచ్చి తీస్కపోయిన దాన్ని. కానీ కోదాడల ఒక తకలీఫ్ వచ్చింది. అక్కడ సగం మంది కస్టమర్లు అటు దిక్కోళ్ళు, మర్యాద మనుషులు. నీలవేణి మా త్రిపురారం యాసల 'మ్మే' అంటే, 'అదేంటండీ అలా అరుస్తుంది' అని మనసుకు తీసుకున్నరు. లోకల్ మార్కెట్‌కు తగ్గట్టు ప్రొడక్టును మార్చాలె గదా. పొద్దు మాపు కూసోబెట్టి నేర్పిచ్చిన. వారం తిరిగేసరికి కోదాడల దిగంగనే ఏమన్నదో తెలుసా? 'మ్మేనండీ!'"

సైదయ్య గరిటె పక్కన పెట్టి నడుం పట్టుకుని నవ్వాడు. సురేందర్ కూడా ఆపుకోలేక, "మా ఊరిని అనకురా," అంటూనే నవ్వాడు. మహేందర్ మాత్రం నవ్వలేదు. కోతలు కోసేవాడు తన కోతకు తాను నవ్వితే అక్కడే ఖతం అని అతనికి బాగా తెలుసు. పైగా మాట్లాడేకొద్దీ కళ్ళ ముందు నిజంగానే నీలవేణి బస్సు కిటికీలోంచి మూతి బయటపెట్టి గాలి పీలుస్తూ కనిపిస్తోంది. ఆ బొమ్మ ఎంత ముద్దుగా ఉందంటే, అది జరగలేదని చెప్పడమే అబద్ధం అనిపిస్తోంది.

"కోదాడకెల్లి వస్తుంటే మునగాల కాడ ఏమైందో తెలుసా? అది తెలిస్తే మీరు చాయ్ తాగరు. హైవే పక్కన దాన్ని జర నిలబెట్టిన, నీళ్ళు తాపుదామని. బొంబాయి పోయే లారీ డ్రైవర్ ఒకడు సూసిండు. స్లో చేసిండు. ఆపిండు. ఇంజన్ బంద్ చేసి స్టీరింగ్ మీద తలకాయ పెట్టిండు. ఎనక బస్సు. దాని ఎనక కార్లు. ఎవ్వడూ హారన్ కొడతలేడు! పెండ్లికి పోయే బస్సుల పెండ్లికొడుకు పండిండు, బాజాలోళ్ళు పండిన్రు. ఎవ్వడో ఫోన్ చేస్తే పోలీసులు ఉరుక్కుంట వచ్చిన్రు. వచ్చి, బర్రెను సూసి, టోపీలు మొకం మీదికి గుంజుకున్నరు. సూర్యాపేట కాడినుంచి కోదాడ దాక హైవే మీద ఒక్క గురక తప్ప ఇంకో సప్పుడు లేదు."

"ఆగాగు," అన్నది స్రవంతి. "మునగాల హైవే మీద అంటే మా దాబా ముందల్నే గదా. గంత పెద్ద జాం అయితే నాకు తెల్వదా?"

ఎవరైనా తడబడేవాళ్ళే. మహేందర్ కళ్ళార్పలేదు.

"నువ్వెట్ల సూస్తవ్ స్రవంతీ? నువ్వు కూడా పండినవ్. దాబాల అందరు పండిన్రు. పెనం మీద రొట్టె మాడింది. అందరు పండినంక ఇగ సాక్ష్యం ఎవడు జెప్తడు? నా ప్రొడక్టు గంత పక్కాగ పనిచేస్తది మరి."

ఈ మాటకు రాణి కూడా నవ్వింది. పైకి కాదు, పెదవి చివర. అంతే చాలు మహేందర్‌కు. ఛాతీ ఉబ్బింది, కాలు మీద కాలు దిగింది, రెండు చేతులూ గాల్లోకి లేచాయి.

"పుస్తకంల మార్కెటింగ్‌కు నాలుగు 'పీ'లు ఉంటయన్నరు. ప్రొడక్టు, ప్రైసు, ప్లేసు, ప్రమోషను. మంజుల మేడం గదే జెప్పింది, మనం గదే రాసినం. కానీ అయిదో 'పీ' ఉన్నది. ఎవ్వరు కనిపెట్టలే. నేను కనిపెట్టిన."

"ఏందది?" అన్నాడు సైదయ్య.

"పెండ."

హోటలంతా ఒక్కసారి గొల్లుమంది. మహేందర్ చెయ్యెత్తి ఆపాడు.

"నవ్వకుర్రి. నవ్వినోళ్ళే తర్వాత పరేషాన్ అయిన్రు. ఫస్టు జెప్పిన కాంట్రాక్టర్ లేడూ, రెండు ఫోన్లాయన, ఆయన పని చేసేది దామరచర్ల కరెంటు ప్లాంటు కాడ. ఆయన జెప్పిండు వాళ్ళ ఇంజనీర్లకు, గిట్ల గిట్ల ఒక బర్రె ఉన్నది అని. వాళ్ళు కార్లేసుకుని వచ్చిన్రు. నీలవేణి పెండను టెస్టు చేసిన్రు. చేసి నోరెళ్ళబెట్టిన్రు. దాంట్ల కూడా ప్రశాంతత ఉన్నది! ఎండబెట్టి పిడకలు జేసి, బొగ్గుల జర కలిపి మండిచ్చిన్రు. చిమ్నీకెల్లి పొగ ఎట్ల వచ్చిందో తెలుసా? పూజల అగరుబత్తి పొగ వచ్చినట్టు, మెల్లగ, సుట్లు తిరుక్కుంట. ఇగ ఆ కరెంటు వైర్లకెక్కి ఊర్లకు పోయింది. అబ్బ, ఏం కరెంటు కాకా అది! ఫ్యాన్లు గాలి విసురుతలెవ్వు, జోకొడుతున్నయ్. మిక్సీ పచ్చడి నూరుతుంటే పక్క రూంల పసిపోరడు లేస్తలేడు. మిర్యాలగూడ మిల్లుల ఆ కరెంటు తోని మరాడిచ్చిన బియ్యం వండితే, అత్తాకోడళ్ళు ఒక్క కంచంల తింటున్నరు. టీవీల డిబేట్లు చేస్తరు సూడు, ఒకని మీద ఒకడు అరుస్తరు, ఆ పూట ఒకడేమో 'మీరు చెప్పండి' అంటడు, ఇంకోడేమో 'లేదు లేదు, మీరే పెద్దోళ్ళు, మీరే చెప్పండి' అంటడు. టైమంత గట్లనే అయిపోయింది!"

నవ్వులు తగ్గేసరికి ఒక విచిత్రం జరిగింది. ఐలయ్య లేచి నిలబడ్డాడు. నవ్వడం లేదు. ఆటో తాళం చేతిలో ఉంది.

"పద పిలగా."

"ఏడికి కాకా?"

"త్రిపురారం. గా బర్రెను సూపిద్దువు. పిడకల సంగతి నాకెందుకు గానీ, కాంట్రాక్టర్‌కు నిద్ర పట్టిందన్నవ్ గదా. మా ఇంటామె సుగుణమ్మకు బీపీ. దవాఖాన చుట్టూ తిరుగుతున్నం. మాత్ర ఏసుకుంటది, పక్క మీద అటు పొర్లుతది, ఇటు పొర్లుతది. నిద్ర పట్టక, పట్టని కోపం నా మీద సూపిస్తది. ఆమెను కూడ ఎక్కిచ్చుకుని పోదాం. పద, బండి స్టార్ట్ చేస్త."

ఐలయ్య ఏడిపిస్తున్నాడా, నిజంగా నమ్మాడా అని మహేందర్ అతని మొకం చూశాడు. నిజంగానే నమ్మాడు. నిద్రలేని కళ్ళు ఎర్రగా, ఆశగా చూస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఇతని కోతలు విన్నవాళ్ళలో ఒక్కరైనా లేచి, పద, చూపించు అన్నవాళ్ళు లేరు. మహేందర్‌కు ఒక్క క్షణం గర్వంతో గుండె పొంగింది, మరుక్షణం అసలు సంగతి గుర్తొచ్చింది. త్రిపురారం పోతే ఏముంటుంది? కొట్టంలో బర్రె ఉంటుంది. దానికి పేరు లేదు. సుగుణమ్మను చూస్తే తోకతో ఒక్కటి విసురుతుంది.

వద్దని ఎట్లా చెప్పాలి? ఉత్తదే కాకా, నవ్వుకోనీకె చెప్పిన అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ రాణి చూస్తోంది, స్రవంతి చూస్తోంది, గేటులో వాచ్‌మన్ తాళాల గుత్తి తీస్తున్నాడు. నాలుక తన దారిన తాను పోయింది.

"అయ్యో కాకా, జర ముందల చెప్పకపోతివి. నీలవేణి ఇప్పుడు ఊర్ల లేదు."

"ఏడికి పోయింది?"

"లండన్."

సురేందర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"అవ్ మల్ల," అన్నాడు మహేందర్. గోతిలో సగం దిగినవాడు పైకి రావడం కన్నా అటువైపు దూకడమే మేలనుకున్నట్టు ఊపందుకున్నాడు. "అక్కడ పెద్ద పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీల ప్రొఫెసర్లకు ఈ సంగతి తెలిసింది. టెన్షన్‌తోని సదువుకునే పిల్లలు సస్తున్నరు, జర పంపుర్రి అని మామ కాళ్ళు పట్టుకున్నరు. ఇమానంల రెండు సీట్లు కలిపి ఇచ్చిన్రు దానికి. క్లాసుల నిలబెట్టిన్రు. ముందల కోటేసుకున్న దొరలు, దొరసానులు. నీలవేణి బోర్డు దిక్కు సూడలే, మైకు అడగలే. గంట సేపు వాళ్ళ మొకాలు సూసుకుంట నెమరేసింది. ఒక్క మాట మాట్లాడలే. వాళ్ళు పేజీలకు పేజీలు నోట్సు రాసుకున్నరు! లాస్టుకు అందరు లేసి సప్పట్లు. దాని మెడల నల్ల గౌను వేసిన్రు, కొమ్ము మీద టోపీ పెట్టిన్రు. పెట్టి, ఏం జేసిన్రో తెలుసా?"

సైదయ్య గరిటె పట్టుకునే ముందుకు వంగాడు.

"ఎంబీఏ డిగ్రీ ఇచ్చిన్రు! గోల్డ్ మెడల్ తోని! నాకంటే ముందు నా బర్రె ఎంబీఏ పాసయ్యింది!"

ఐలయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే చూశాడు. తర్వాత తాళం జేబులో వేసుకుని మెల్లగా కూర్చున్నాడు. సైదయ్య పొయ్యి మీద పాలు పొంగబోతుంటే చివరి క్షణంలో దించాడు. రాణి గ్లాసు బెంచీ మీద పెట్టింది. ఇంత సేపట్లో ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"మహేందర్, ఒక్క డౌట్," అన్నది.

"అడుగు రాణీ, అడుగు. క్లాసుల అడగనీకె భయపడేటివన్ని గీడ అడగొచ్చు."

"నీలవేణి అన్ని సబ్జెక్టులు ఒకటేసారి పాసయ్యిందా?"

"ఒకటేసారి!"

"నీకు ఇంకా అకౌంట్స్, స్టాటిస్టిక్స్ మిగిలినయ్ గదా."

"అవి... అవి సప్లిమెంటరీల రాస్త. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం లేదు. కథ మొదలైన కాడినుంచి ఇంటున్న," అన్నది రాణి. గొంతులో వెటకారం లేదు, నిజంగానే లెక్క తేలక అడుగుతున్నట్టుంది. "కాంట్రాక్టర్‌ను పండబెట్టింది ఎవరు? నీలవేణి. కొట్లాడుకునే అన్నదమ్ములను కలిపింది? నీలవేణి. కోదాడ పోయి అండీలు గిండీలు నేర్చుకున్నది, హైవేల లారీలు ఆపింది, దామరచర్లకు పెండ ఇచ్చింది, లండన్ దొరలకు క్లాసు జెప్పింది, అన్ని నీలవేణే. ఇంతట్ల నువ్వేం జేసినవ్? దాని తలుగు పట్టుకుని ఎనక నడిచినవ్. మల్ల టీం లీడర్ నువ్వెట్లయితవ్? బర్రె గావాలె గానీ!"

మొదట సురేందర్ పడ్డాడు. నవ్వుతూ నవ్వుతూ బెంచీ మీదినుంచి నిజంగానే కింద పడ్డాడు. స్రవంతి మొకం చున్నీలో దాచుకుంది, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. సైదయ్య కళ్ళు తుడుచుకుంటూ, "పిల్ల అడిగింది గదా, జెప్పు మల్ల," అన్నాడు. లండన్ మాటతో వాడిపోయిన ఐలయ్య మొకం కూడా మెల్లమెల్లగా విచ్చుకుని, "ఓరి నీ... గంత సేపు నన్ను గూడ తలుగేసి గుంజినవ్ గదరా," అని తొడ మీద చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగక, దగ్గొచ్చి, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

మహేందర్ నోరు తెరిచాడు. ఏదో ఒకటి తన్నుకొస్తుందని ఎదురుచూశాడు. ఎప్పుడూ వచ్చేదే. ఈసారి రాలేదు. ఎంత వెతికినా తాను చేసిన పని ఒక్కటి దొరకలేదు. తన కోతలో కూడా గొప్పంతా బర్రెకే ఇచ్చేశాడు, తనకంటూ ఒక్క ముక్క మిగుల్చుకోలేదు.

"వాచ్‌మన్ గేటేస్తుండు," అన్నది స్రవంతి ఫోన్ తీస్తూ. "మేడంకు ఏమని పంపాలె? జల్ది జెప్పుర్రి."

"లీడర్ నీలవేణి," అన్నాడు సురేందర్ కింద కూర్చునే. "ఆమె లండన్ నుంచి వచ్చేదాకా ఆ సీట్లో రాణి."

"నాకైతే ఓకే," అన్నది రాణి. తర్వాత మహేందర్ వైపు తిరిగింది. "స్టేజీ నేనెక్కుత. బియ్యం సంగతే జెప్త. కానీ నేను జెప్తె కంపెనీవోళ్ళు ఆవలిస్తరు. నువ్వు నా పక్కన కూసోని ఏ మాట ముందల రావాలెనో, ఏది ఎనకకు పోవాలెనో జెప్పాలె. ఐలయ్య కాక తాళం పట్టుకుని లేసేటట్టు చేసినవ్ సూడు, గా పని. బర్రెను మాత్రం స్టేజీ మీదికి తేవద్దు."

మహేందర్ తలూపాడు. ఊపి, "ఒక్కసారన్న... లాస్టుల..." అన్నాడు.

"వద్దు."

"సరే."

స్రవంతి మేడంకు రాణి పేరు పంపింది. పంపి, మిగతావాళ్ళ వైపు తిరిగి, "మనలో మనం అయితే అసలు లీడర్‌ను ఎన్నుకోవాలె గదా. నీలవేణి అంటే ఇష్టమున్నోళ్ళు చెయ్యెత్తుర్రి," అన్నది.

సురేందర్ ఎత్తాడు. రాణి ఎత్తింది. స్రవంతి ఎత్తింది. టీంకు ఏ సంబంధం లేని సైదయ్య చేతిలో గరిటెతో సహా ఎత్తాడు. ఐలయ్య రెండు చేతులూ ఎత్తి, "ఒకటి మా సుగుణమ్మది," అన్నాడు.

అందరూ మహేందర్ వైపు చూశారు. అతను రోడ్డు మీద పోయే బస్సును చూశాడు, చాయ్ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను చూశాడు, ఇంక చూడటానికి ఏమీ లేక మెల్లగా కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఏకగ్రీవం," అన్నాడు సైదయ్య, పాలగిన్నె మళ్ళీ పొయ్యి మీద పెడుతూ.